వీధిని చదివిన చిత్రకథకుడు: సాంతో క్యోదెన్

ప్రతి మహానగరమునకును రెండు నిఘంటువులుండును. ఒకటి పండితులు కూర్చునది. రెండవది వీధి తనకుతానై కూర్చుకొనునది. మొదటిదానిలో పదములు అకారాది క్రమమున కదలక మెదలక నిలిచియుండును. రెండవదానిలో పదములు బట్టలవలె కొత్తవై వచ్చి, బట్టలవలెనే పాతపడును. ఎవడు నిజమైన సొగసుకాడు, ఎవడు సొగసుకాడనిపించుకొనుటకు తంటాలుపడు మోటువాడు, ఏ రంగు ఈ యేటిది, ఏ రంగు పోయిన యేటిది అను సంగతులను తేల్చునది ఈ రెండవ నిఘంటువే. నేటి టోక్యో నగరమున హరజుకు, షిబుయా వీధులు ఇట్టి పదములకు నెలవులు. ముద్దులొలుకుటను తెలుపు కవాయీ, ఐరోపా పాతకాలపు పోకడలో నల్లని కుచ్చుల గౌనులు తొడుగుటను తెలుపు గోసురోరి, రంగువేసిన జుట్టుతో పెద్దల అభిరుచిని ధిక్కరించు యువతులను తెలుపు గ్యారు మొదలైన మాటలు ఆ వీధుల మీదుగానే లోకమునకు తెలియవచ్చినవి.

జపానునుండి వచ్చిన మరియొక మాట మన విద్యార్థుల నోట ఇంకను తరచుగా వినబడుచున్నది. అది మాంగా. బొమ్మలతో నడచు ఆ కథలలో దయ్యములు మాటలాడును. ఆత్మలు దేహములు మారును. కలలోనివారు మేలుకొన్నవారికి బుద్ధి చెప్పుదురు. ఇవి ఉత్త కాలక్షేపమా, లేక వీనిలో ఆలోచింపదగినది ఏమైన కలదా అని ఉపాధ్యాయులు సందేహించుట సహజమే. అయితే ఈ సందేహము కొత్తది కాదు. సుమారు 230 ఏండ్లకు పూర్వము జపాను ప్రభుత్వము బొమ్మల పుస్తకములను ఇట్లే అనుమానించెను. వినోదపు పుస్తకములు వ్రాసిన ఒక రచయిత చేతులకు ఇనుప సంకెళ్లు కూడ వేయించెను. వీధిలోని షోకుమాటలను, ఆలోచింపజేయు అద్భుత చిత్రకథలను ఒక్క కలముతో కలిపినవాడతడు. అతని పేరు సాంతో క్యోదెన్.

అతడు పుట్టిన 1761 నాటికి టోక్యో నగరమునకు ఎడో అని పేరు. తొకుగావా వంశపు షోగునులు అచ్చటినుండి దేశమును పాలించుచుండిరి. సమాజమున యోధులు పైమెట్టున, వర్తకులు క్రిందిమెట్టున ఉండిరి. ధనము మాత్రము వర్తకుల పెట్టెలలో చేరుచుండెను. క్రిందిమెట్టువాడు పైమెట్టువానివలె మెరయరాదని ప్రభుత్వము పలుమారులు శాసనములు చేసెను. శాసనమునకు లోబడుచునే దానిని దాటు ఉపాయమును ఎడో పౌరుడు కనిపెట్టెను. పైకి బూడిదరంగు, గోధుమరంగు, నీలిరంగు సాదా వస్త్రమును ధరించును. లోపలి అస్తరును మాత్రము వెలగల పట్టుతో కుట్టించును. దూరమునుండి ఒకే రంగుగా కనిపించి, దగ్గరకు వచ్చినంతనే సన్నని చుక్కల కూర్పు బయటపడు అద్దకములకు గిరాకి పెరిగెను. మెరుపును చాటుకొనుట కాదు, దాచుకొనుటయే అందమను ఈ అభిరుచికి ఇకి అని పేరు వచ్చెను. దాని మర్మమెరిగిన రసికుడు త్సూ. ఏమియు ఎరుగని మోటువాడు యాబో. సగమే తెలిసి అంతయు తెలిసినట్లు నటించువాడు హంకాత్సూ. హాస్యరచయితకు ఈ మూడవవాడే పెట్టుబడి.

క్యోదెన్ ఎడోలోని ఫుకగావా పేటలో, తాకట్టు వ్యాపారము చేయు ఇంట జన్మించెను. ఇంటిపేరు ఇవాసె. తొమ్మిదవ యేట చదువులో వేయునపుడు తండ్రి అతనికి ఒక వ్రాతబల్ల కొనియిచ్చెను. ఆ బల్లను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథాంతమున అది మరల కనిపించును. 1773లో తండ్రి తాకట్టు దుకాణమును విడిచి, క్యోబషి వంతెన చెంత గిన్జా మొదటి వీధిలో ఇండ్ల పెత్తనము చేయు పనిలో కుదురుకొనెను. నేడు ఖరీదైన దుస్తుల అంగళ్లకు పేరుపడిన గిన్జా అదియే. బాలుడు మొదట చిత్రకళ నేర్చెను. గురువు కితావో షిగెమస. శిష్యునకు చిత్రకారునిగా కితావో మసనోబు అను పేరు వచ్చెను. రచయితగా అతడు పెట్టుకొన్న పేరు మాత్రము ఒక చిరునామా. సాంతో అనగా కొండకు తూర్పు. ఎడో కోటలోని మోమిజి కొండకు తూర్పున అతని ఇల్లు. క్యోబషిలోని క్యో, తన వాడుకపేరైన దెంజోలోని దెన్ కలిసి క్యోదెన్ ఆయెను. ఇతరులు పూలపేర్లను, పక్షులపేర్లను కలముపేర్లుగా పెట్టుకొనగా ఇతడు తన పేటనే పేరుగా పెట్టుకొనెను.

ఆ కాలమున ఎడోలో పసుపుపచ్చని అట్టల చిత్రకథలు కొత్త సంవత్సరమునకు వెలువడుచుండెను. వానిని కిబ్యోషి అందురు. ఐదేసి కాగితములు మడిచి కుట్టిన పలుచని భాగములు రెండో మూడో కలిసిన ఒక కథ. ప్రతి పుటయు బొమ్మయే. బొమ్మ చుట్టునున్న ఖాళీలో కథయు, పాత్రల సంభాషణయు సన్నని అక్షరములతో అల్లుకొనియుండును. అక్షరమును, బొమ్మను ఒకే కొయ్యపలకపై చెక్కి అచ్చొత్తుచుండిరి. కనుక ఒకదానిని విడిచి రెండవదానిని చదువుట సాధ్యము కాదు. 1775లో కోయికావా హరుమాచి అను యోధవర్గపు రచయిత వెలువరించిన కథను ఈ ప్రక్రియకు ఆదిగా చెప్పుదురు. అందలి నాయకునకు కిన్‌కిన్ సెన్సేయి అని పేరు. కిన్‌కిన్ అనునది షోకుగా ముస్తాబగుటకు నాటి వీధిమాట. పల్లెనుండి పట్నమునకు బయలుదేరిన బీదవాడొకడు దారిలో తినుబండారముల దుకాణమున కునుకుతీసి, ధనవంతుడై షోకులుపోయి సర్వమును పోగొట్టుకొన్నట్లు కలగని, మేలుకొని ఇంటిదారి పట్టును. వీధిమాట, కల, వివేకము అను మూడును ఆ మొదటి పుస్తకముననే కలిసినవి.

క్యోదెన్ ఆ కాలిబాటను రాజమార్గము చేసెను. 1782లో వెలువడిన గొజోంజి నో షోబాయిమోనో అను కథలో పుస్తకములే పాత్రలు. వాడుక తప్పిన పాత పుస్తకములు జనులు మెచ్చుచున్న కొత్త పుస్తకములపై అసూయపడి కుట్రలు పన్నును. ఓతా నంపో అను ప్రసిద్ధ కవి తన విమర్శగ్రంథమున దీనిని శ్లాఘించుటతో యువకుడైన క్యోదెన్ పేరు ఎడో అంతట మ్రోగెను. 1784లో అతడు కోమోన్‌సాయి అను అద్దకపు నమూనాల పుస్తకమును ప్రకటించెను. పైచూపునకు అది వస్త్రవ్యాపారి చూపు నమూనాల పొత్తమే. పరికించి చూచినచో ఆ సన్నని చుక్కలు, గళ్లు నిత్యము కంటబడు అల్పవస్తువులు; ప్రక్కన చమత్కారపు వ్యాఖ్యలు. షోకును పరిహసించుటకు షోకు వేషమే వేయవలెనను సూత్రము అతనికి ఇచ్చటనే దొరకెను.

1785లో వెలువడిన ఎడో ఉమారె ఉవాకి నో కబాయాకి అతని కీర్తికి శిఖరము. పేరులోనే శ్లేష కలదు. ఉనాగి అనగా పాముచేప. దానిని చీల్చి నిప్పులపై కాల్చు వంటకము కబాయాకి. ఉనాగి అనుచోట ఉవాకి అని మార్చుటచే, ఎడోలో పుట్టిన విలాసపురుషుని నిప్పులపై కాల్చిన వంటకము అను అర్థము వచ్చెను. నాయకుడు ఎంజిరో ధనిక వర్తకుని ఏకైక పుత్రుడు. ముక్కు ఉబ్బి పైకి తిరిగియుండును. ప్రేమకథలు చదివి, తానును గొప్ప ప్రేమికుడని లోకముచేత అనిపించుకొనవలెనని అతనికి వెర్రి పుట్టెను. లేని ప్రియురాండ్ర పేర్లను చేతులపై పచ్చబొట్లు పొడిపించుకొనెను. ఒక గాయని తనపై మరులుగొని ఇంటిపైకి వచ్చి గోలచేయుటకు యాభై బంగారు నాణెములు చెల్లించెను. ఇరుగుపొరుగువారు పట్టించుకొనలేదు. ఆ సంగతిని కరపత్రములుగా అచ్చువేయించి పంచిపెట్టెను. ఎవరును చదువలేదు. నాటకములోని ప్రేమికుడు దెబ్బలు తినుట చూచి, సొమ్మిచ్చి రౌడీలచేత తన్నించుకొనెను. తండ్రిని బతిమాలి డెబ్బదియైదు దినములు ఇల్లు వెడలగొట్టించుకొనెను.

చివరకు ఉకినా అను భోగకాంతను విడిపించి, నాటకములలోవలె ఆమెతో కలిసి ప్రాణత్యాగము చేయుచున్నట్లు నటించుటకు సిద్ధపడెను. అందుకు ఇరువురకును జోడు దుస్తులు కుట్టించెను. దారిలో దొంగలడ్డగించి ఆ దుస్తులను ఒలుచుకొనిపోయిరి. ఏ బట్టలతో పేరు పొందవలెననుకొనెనో ఆ బట్టలు లేక, గోచితో ఇల్లుచేరిన కుమారునకు తెలిసినదేమనగా, ఆ దొంగలు తండ్రియు, ఇంటి గుమాస్తాయునే. ఎంజిరోకు బుద్ధి వచ్చెను. ఉకినా అతని భార్య ఆయెను. ఈ కథ ఎంతగా వ్యాపించెననగా, తన్ను తాను మెచ్చుకొనువానిని ఎంజిరో అని పిలుచుట ఎడో వీధులలో వాడుక ఆయెను. వీధినుండి మాటలు ఏరుకొన్న రచయిత వీధికే ఒక మాటను తిరిగి ఇచ్చెను. ఇంతకంటె విశేషమొకటి కలదు. తరువాతి కథలలో తన బొమ్మను వేసికొనవలసి వచ్చినపుడు క్యోదెన్ ఎంజిరో ముక్కునే తన ముఖమునకు తగిలించుకొనెను. పరులను నవ్వువానికి ఉండవలసిన మొదటి యోగ్యత అది.

1787లో వచ్చిన త్సూగెన్ సోమగాకి అను విలాసగ్రంథమున ఎంజిరో మరల దర్శనమిచ్చును. త్సూగెన్ అనగా మర్మజ్ఞుల మాటలు. యోషివారా అను భోగకాంతల వాడలో నాడు చెల్లుబడియైన పలుకుబడులను, దుస్తుల వివరములను, ఎడోలో పుట్టిపెరిగినవాని గర్వమును అది చిత్రించినది. నేడు భాషాచరిత్రకారులకు అది ఒక గని.

కాని కాలము మారుచుండెను. 1780ల నడుమ దేశమున ఘోరక్షామము తాండవించెను. 1787లో ఎడోలోనే బియ్యపు దుకాణములను జనులు ధ్వంసము చేసిరి. ఆ యేట మత్సుదైరా సదనోబు ప్రధానామాత్యుడై పొదుపును, విద్యను, నీతిని శాసించెను. ప్రజల ఆకలిని కన్నవానికి విలాసములపై కోపము వచ్చుటలో వింతలేదు. చిత్రకథకులు ఆ సంస్కరణలపై నవ్విరి. హరుమాచిని అధికారులు పిలిపించిరి. అతడు 1789లో మరణించెను. అదే యేట, కోటలో జరిగిన ఒక హత్యను స్ఫురింపజేయు ఇతరుని కథకు బొమ్మలు వేసినందుకు క్యోదెన్‌కు జరిమానా పడెను. అయినను ఆ సంవత్సరమే అతడు కోషి జిమా తోకి ని ఐజోమె అను కథను వ్రాసెను. కోషి అనగా కన్ఫ్యూషియసు మహర్షి. కోషి జిమా అని పలికినచో గళ్లబట్ట. లోకమంతయు ఒక్కసారిగా ధర్మాత్ములతో నిండిపోయినట్లు అందు కల్పన. దారిదోపిడి దొంగ బాటసారిని ఆపి, తన బట్టలనే విప్పి బలవంతముగా అతనికి తొడుగును. సొమ్మును వదిలించుకొనుటకు జనులు పడరాని పాట్లు పడుదురు. శాసనముచేత తొడిగిన నీతి అద్దకపు రంగువంటిదా, నూలులోనే ఉన్న రంగువంటిదా అను ప్రశ్న ఆ నవ్వు వెనుక నిలిచియున్నది.

1790లో వెలువడిన షింగాకు హయసొమెగుస ఆ ప్రశ్నకు అతడు ఇచ్చుకొన్న సమాధానమనవచ్చును. దాని పేరులోను త్వరగా అంటు రంగు అను భావమే కలదు. స్వర్గాధిపతి గొట్టముతో సబ్బుబుడగలవలె ఆత్మలను ఊదుచుండును. గుండ్రముగా వచ్చినవి మంచి ఆత్మలు, వంకరపోయినవి చెడ్డవి. క్యోదెన్ వానిని గోచి కట్టిన చిన్న మనుష్యులుగా చిత్రించి, ముఖమునకు బదులు ఒక వలయమును గీసి, అందు మంచి లేక చెడు అను అక్షరమును వ్రాసెను. రితరో అను సద్వర్తనుడైన వర్తకకుమారుడు కునుకుతీయగా చెడ్డ ఆత్మలు మంచి ఆత్మను కట్టివేసి దేహమును ఆక్రమించును. అతడు భోగకాంతల వాడకును, పిమ్మట దొంగతనమునకును దిగును. మంచి ఆత్మ హతమగును. దోరి అను గురువు బోధచేత అతడు మారినపుడు, మంచి ఆత్మ బిడ్డలు వచ్చి తమ తండ్రిని చంపినవానిపై పగ తీర్చుకొందురు. మనస్సులోని సంఘర్షణను కంటికి కనబడు కుస్తీగా మార్చిన ఈ కల్పన చిన్నపిల్లలకును అర్థమగును. పెద్దలకును తప్పించుకొన వీలులేదు. ఆ ఆత్మల పేర్లు జెందమ, అకుదమ. నేటికిని జపానీయులు రక్తములోని మంచి కొలెస్టరాలును, చెడు కొలెస్టరాలును ఆ పేర్లతోనే పిలుచుచున్నారు.

1791 నూతన సంవత్సరమునకు అతని పుస్తకములు మరల అంగళ్లకు వచ్చెను. వానిలో ఒకటి మత్స్యకన్య కథ. ఆమె జపాను పురాణకథలలోని ఉరషిమా తరోకును ఒక చేపకును పుట్టిన బిడ్డ. ఆమెను నాకినవానికి వయస్సు తగ్గును. ఆశపోతు భర్త నాకి నాకి పసివాడగును. క్యోదెన్ కలము విడువదలచెననియు, తాను ప్రాధేయపడి వ్రాయించితిననియు ప్రచురణకర్త త్సుతాయా జూజబురో ఆ పుస్తకపు పీఠికలో చెప్పుకొనెను. అదే ప్రచురణకర్త ఆ యేట క్యోదెన్ విలాసగ్రంథములను మూడింటిని కూడ వెలువరించెను. అట్టి పుస్తకములను నిషేధించుచు 1790లోనే శాసనము వచ్చియుండెను. కనుక వానిని నీతిబోధక పుస్తకములని వ్రాసిన చుట్టలో పెట్టి అమ్మిరి. ఆ మూడింటిలో ఒకదాని పేరు నిషికి నో ఉర, అనగా జరీపట్టు వెనుకవైపు. రాత్రి దీపముల వెలుగున మెరయు భోగకాంతలు పగటిపూట ఎట్లుందురో అది చూపును. ముందువైపు పూలు కనిపించు పట్టునకు వెనుకవైపు ముడులు, తెగిన పోగులు ఉండును. క్యోదెన్ ఆ వైపును ఎరిగినవాడు. 1790లో అతడు పెండ్లాడిన కికుజోనో ఆ వాడలో సేవాకాలము ముగించుకొని వచ్చిన స్త్రీయే.

నీతిబోధయను పైచుట్ట అధికారులను మోసగింపలేదు. త్సుతాయా ఆస్తిలో సగము జప్తు ఆయెనని చెప్పుదురు. పుస్తకములను పరీక్షించి అనుమతించిన ఇద్దరు వర్తకసంఘపు పెద్దలను ఎడోనుండి వెడలగొట్టిరి. క్యోదెన్ చేతులకు సంకెళ్లు తగిలించి, ఇంటనే యాభై దినములుంచిరి. బొమ్మలు వేయు చేతులు, అక్షరములు వ్రాయు చేతులు దగ్గరగా బిగింపబడి ఉండిన ఆ యాభై దినములు అతని జీవితమును రెండుగా చీల్చినవి. అటుపై అతడు విలాసగ్రంథము వ్రాయలేదు. అతడు భయపడెనన్నచో అబద్ధము కాదు. భయపడిన పిదప ఏమిచేసెనో అదియే మనము చూడవలసినది.

1793లో అతడు గిన్జాలో కాగితపు పొగాకు సంచులు, పొగగొట్టములు అమ్ము దుకాణము తెరచెను. ఆ యేడే కికుజోనో మరణించెను. పొగాకు సంచి నాడు పురుషుని నడుమునకు వ్రేలాడు ముఖ్యాలంకారము. దానిని చూచి మనిషి అభిరుచిని కొలుచుచుండిరి. క్యోదెన్ సంచులకు తానే రూపకల్పన చేసెను. దుకాణపు ప్రకటనలను బొమ్మల పొడుపుకథలుగా అచ్చువేసి పంచగా, వానిని విప్పుకొనుటకు జనులు ఎగబడిరి. పుస్తకములు చదివి అలసినవారికని ఒక మాత్రను కూడ అమ్మెను. దాని పేరు చదువుమాత్ర. ఎంజిరో పంచిన కరపత్రములను ఎవరును చదువలేదు. అతనిని సృష్టించినవాని కరపత్రములను ఊరంతయు చదివెను.

ఆ దుకాణము ముందరి రాజవీధి అతనికి తెరచిన పుస్తకమువలె ఉండెను. 1798లో షిజి నో యుకికాయి అను రెండు భాగముల చిత్రగ్రంథము వెలువడెను. బొమ్మలు పాత గురువైన షిగెమసవి. నాలుగు ఋతువులలో ఎడో వీధిని నడచు స్త్రీపురుషులు, పెద్దలు, పిన్నలు, ధనికులు, బీదలు, ఎవరి దుస్తులలో వారు అందు సాగిపోవుచుందురు. దాని పీఠికలో, దారినపోవువారిని తోచినట్లు గీసికొనుట అను అర్థమున క్యోదెన్ మాంగా అను మాటను వాడెను. ఆ మాటకు దొరకిన తొలి ప్రయోగములలో ఇది ఒకటి. హొకుసాయి మాంగా మొదటి సంపుటము వచ్చినది 1814లో. కితజావా రకుతెన్ మొదలగువారు ఆ మాటకు నేటి చిత్రకథ అను అర్థమును రూఢి చేసినది ఇరువదవ శతాబ్దమున. నేడు మాంగా చేతబట్టిన విద్యార్థి ఎరుగకపోవచ్చును గాని, ఆ పేరు మొదట వీధిలోని మనుష్యుల నడకను, వేషమును గమనించు చూపునకు పేరు.

మిగిలిన ఏండ్లలో అతడు సుదీర్ఘ గద్యకథలు వ్రాసెను. 1790లో తన్ను ఆశ్రయించి వచ్చిన బాకిన్ అను యువకుని శిష్యునిగా గాక మిత్రునిగా ఆదరించెను. ఆ రంగమున బాకిన్ పిమ్మట అతనిని మించిపోయెను. క్యోదెన్ మనస్సు క్రమముగా పరిశోధన వైపు మరలెను. 1804లో వెలువడిన కిన్సేయి కిసెకి కో, 1814 మొదలు వచ్చిన కొత్తోషూ అను గ్రంథములలో గడచిన కాలపు దుస్తులు, ఆటవస్తువులు, ఆచారములు, వాని పేర్లు ఎచ్చటనుండి వచ్చెనో పాత పొత్తములను, బొమ్మలను సాక్ష్యముగా చూపి విచారించెను. యౌవనమున ఏ షోకులను చూచి నవ్వెనో, వార్ధక్యమున ఆ షోకులు మరుగున పడకుండ కాపాడెను. నిన్నటి వీధిమాటకు నేడు వ్యాఖ్యానము కావలసివచ్చునని అతడెరుగును.

ఆ గ్రంథము పూర్తికాకమునుపే, 1816లో ఒక రాత్రి, తమ్ముడైన క్యోజాన్ కొత్త పఠనమందిరమునకు వెళ్లివచ్చిన పిదప గుండెనొప్పి వచ్చి క్యోదెన్ మరణించెను. ర్యోగొకులోని ఎకోయిన్ దేవాలయమున అతని సమాధి కలదు. తొమ్మిదవ యేట తండ్రి కొనియిచ్చిన వ్రాతబల్లను అతడు సుమారు యాభై యేండ్లు విడువలేదు. కాళ్లు వదులైన ఆ బల్లను గూర్చి, తనతోపాటు అదియు ముసలిదైనదని ఒక చిన్న వ్యాసము కూడ వ్రాసియుండెను. ఎంజిరో ముక్కు, ఆత్మల గుండ్రని ముఖములు, సంకెళ్లు తెచ్చిపెట్టిన పుస్తకములు, అన్నియు ఆ బల్లమీద పుట్టినవే. 1817లో క్యోజాన్ ఆ బల్లను అసకుసలో పూడ్చి, దానిపై ఒక శిల నిలిపించెను. అది నేటికిని అచ్చట నిలిచియున్నది. పచ్చయట్టల పుస్తకములు నాడు వెలతక్కువ వస్తువులు. చదివి పారవేయుటకే పుట్టినవి. పిల్లవాని చేతిలోని బొమ్మల పుస్తకమును లాగికొనబోవు ఉపాధ్యాయుడు, లాగికొనుటకు ముందు ఒక్క పుట తానును చదివిచూచిన మేలు.